పిల్లల జ్వరం – ఆకు కషాయం: ఎంతవరకు ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి

పై వీడియోలో తులసి, వాము ఆకు, నేలవేము, తిప్పతీగ నాలుగింటినీ మొక్కల దగ్గరే నిలబడి చూపించాను. మోతాదులు, జాగ్రత్తలు అన్నీ వీడియోలో చెప్పే టైమ్ ఉండదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు ఉన్నవాళ్లు ఓపికగా చివరిదాకా చదవండి.

వానాకాలం మొదలైందంటే సీతాఫల్‌మండిలో మా దుకాణానికి బియ్యం, గానుగ నూనె కోసం వచ్చినవాళ్లు పనిలో పనిగా అడిగే మాట ఒకటుంది. "బాబుకు రెండ్రోజులుగా జ్వరం, ఏ కషాయం పట్టాలి?" అని. రసాయనం లేకుండా పంట పండించేవాడికి పిల్లల మందు తెలియకుండా ఉంటుందా అని వాళ్ల నమ్మకం. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా, డాక్టరీ కాదు. కానీ ఆకు మన చేతి నుంచే వాళ్లింటికి పోతున్నది కాబట్టి, ఆ ఆకు ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకుని చెప్పే బాధ్యత మన మీద ఉంది. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి చాలామంది పసిపిల్లలు చనిపోయారు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దని, ఇవ్వొద్దని అప్పుడు కేంద్రం కూడా చెప్పింది. ఆ వార్తల తర్వాత తల్లిదండ్రుల చూపు ఆకుల మీదకు ఇంకా మళ్లింది. ఆ భయంలో అర్థం ఉంది. కానీ సిరప్ మీద భయం ఉంది కదా అని ఏ ఆకైనా కళ్లు మూసుకుని ఇచ్చేయకూడదు.

మందు కొట్టని మడి

డిప్లొమాలో మాకు మొదట నేర్పింది చెక్ ప్లాట్ గురించి. ఏ మందైనా పనిచేసిందా లేదా తెలియాలంటే, పక్కనే మందు కొట్టని మడి ఒకటి ఉండాలి. మిరపలో ముడత వచ్చిందనుకోండి. ఒకరు అగ్నిఅస్త్రం కొడతారు, ఇంకొకరు పుల్లటి మజ్జిగ కొడతారు. ఈలోగా మంచి వాన పడి పురుగు దానంతటదే కొట్టుకుపోతుంది. ఇద్దరూ "నా మందుకే పోయింది" అంటారు. ఏమీ కొట్టని మూడో రైతు మడి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పిల్లల జ్వరం కూడా అట్లాంటిదే. పిల్లలకు వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. చాలావరకు మూడు నాలుగు రోజుల్లో ఒంట్లోని రోగనిరోధక శక్తే వాటిని తగ్గించేస్తుంది. మొదటి రోజు వేడి నీళ్లు, రెండో రోజు తులసి, మూడో రోజు నేలవేము ఇచ్చారనుకోండి, నాలుగో రోజు జ్వరం దిగితే పేరు నేలవేముకు వస్తుంది. వరస మార్చి ఇచ్చి ఉంటే ఆ పేరు తులసికి వచ్చేది. అంటే ఆకులో గుణం లేదని కాదు. జ్వరం దిగడం ఒక్కటే ఆకు గొప్పదనానికి రుజువు కాదు అంటున్నా.

ఇది మాటల తేడా కాదు, దీనిమీద పిల్లల ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే డెంగీలో కథ తిరగబడుతుంది. డెంగీ జ్వరం సాధారణంగా రెండు నుంచి ఏడు రోజులు కాస్తుంది. అసలు ప్రమాదం జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగుతున్నప్పుడు మొదలవుతుంది. ఆ ఒకటి రెండు రోజుల్లో కొందరు పిల్లల్లో రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. ఒళ్లు చల్లబడిందని, కషాయం పనిచేసిందని ఇంట్లో అందరూ హాయిగా పడుకునే రాత్రి అదే అవుతుంది. కాబట్టి వానాకాలంలో జ్వరం దిగిన తర్వాత ఇంకో రెండు రోజులు పిల్లను గమనిస్తూనే ఉండాలి. కడుపులో గట్టిగా నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, చేతులు కాళ్లు చల్లబడడం, మత్తుగా పడుకోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

బొప్పాయి ఆకు రసం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే డెంగీ అనగానే అందరూ అడిగేది అదే. ప్లేట్‌లెట్లు కొంచెం తొందరగా పెరుగుతాయని కొన్ని పరీక్షల్లో వచ్చింది, అవి ఎక్కువగా పెద్దవాళ్ల మీద చేసినవి. పిల్లల ప్రాణం తీసేది ప్లేట్‌లెట్ల తగ్గుదల ఒక్కటే కాదు, ముందు చెప్పిన ప్లాస్మా కారడం. దాన్ని ఆ రసం ఆపదు. పైగా ఆ చేదుకు పిల్ల వాంతి చేసుకుంటే లోపల ఉన్న నీరు కూడా పోతుంది.

ఇంట్లో నిజంగా పనికొచ్చేవి

జ్వరంలో పిల్లకు మొదట కావాల్సింది నీరు. ఆరు నెలలు నిండని పిల్లలకు తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దు. నీళ్లు కూడా వద్దు, కషాయం మాట అసలే వద్దు. ఎక్కువసార్లు పాలు పట్టడమే వాళ్లకు మందు. ఆరు నెలలు దాటినవాళ్లకు తల్లిపాలతో పాటు పలచటి గంజిలో చిటికెడు ఉప్పు, సగ్గుబియ్యం జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇవ్వొచ్చు. మన దేశవాళీ బియ్యం గంజి, కొర్ర జావ ఇక్కడ బాగా పనికొస్తాయి. ఒక్కసారే గ్లాసు నింపి ఇవ్వకుండా, పది నిమిషాలకోసారి రెండు చెంచాలు పట్టండి. విరేచనాలు కూడా ఉంటే మెడికల్ షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడే మంచిది. అది దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు సమానపు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి చేత్తో గుప్పిళ్లు లెక్కేయకుండా చెంచాతోనే కొలవండి.

ఇక కషాయం. ఏడాది దాటిన పిల్లలకు, జలుబు, గొంతు నొప్పితో వచ్చిన మామూలు జ్వరంలో, ఒక గ్లాసు నీళ్లకు నాలుగైదు తులసి ఆకులు, గోటి సైజు అల్లం ముక్క వేసి ఐదు నిమిషాలు మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా రెండు మూడు చెంచాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు ఇవ్వొచ్చు. తులసి బదులు వాము ఆకు (కర్పూరవల్లి అని కూడా అంటారు) రెండు చిన్న ఆకులు వేసుకోవచ్చు. తాగడానికి ఒప్పుకోని పిల్లలకు ధనియాలు మరిగించిన నీళ్లు ఇచ్చి చూడండి, కమ్మగా ఉంటాయి కాబట్టి చాలామంది తాగుతారు. ఇవి గొంతుకు హాయినిస్తాయి, వెచ్చటి నీరు లోపలికి పోతుంది. డెంగీని, మలేరియాను, టైఫాయిడ్‌ను, నిమోనియాను ఇవి తగ్గించవు. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గు వస్తుంటే పడుకునే ముందు అర చెంచా తేనె మంచి ఉపశమనం. ఏడాదిలోపు పిల్లలకు మాత్రం తేనె నాలుక మీద రాయడం కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి బొటులిజం అనే పక్షవాతం తెస్తాయి. ఎంత స్వచ్ఛమైన అడవి తేనె అయినా ఇంతే, కాచినా ఆ బీజాలు చావవు. తేనె అమ్మే మన తోటి రైతులు సీసా మీద ఈ ముక్క రాసి అంటించాలని నా కోరిక.

ఒళ్లు తుడవాలంటే గోరువెచ్చటి నీళ్లతోనే తుడవండి. ఐస్ నీళ్లు పోస్తే పిల్ల వణికి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. ఇక పారాసెటమాల్. దాన్ని చూసి ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు మొహం తిప్పుకోవాల్సిన పని లేదు. పిల్ల బాధపడుతుంటే బరువును బట్టి, ఒక కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా ఇస్తారు. చుక్కల మందు, 125 సిరప్, 250 సిరప్ – ఈ మూడింటి బలం వేరువేరు. "చెంచా" అని కాకుండా సీసా మీద ఎంత రాసుందో చూసి, ఎన్ని మి.లీ. ఇవ్వాలో డాక్టర్‌తో రాయించుకోండి. మన ఊళ్లలో జ్వరం గోలీ అని ఇంకా కొన్నిచోట్ల నిమెసులైడ్ ఇస్తున్నారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు దాన్ని 2011లోనే నిషేధించారు.

అమ్మమ్మలు చెప్పినవాటిలో ఆపాల్సినవి

పెద్దవాళ్ల మాట మీద నాకు గౌరవం ఉంది. విత్తనాల విషయంలో వాళ్ల దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. అయినా కొన్నింటిని ఆపక తప్పదు.

మొదటిది వస. ఎక్కువ మాట్లాడేవాళ్లను వసపిట్ట అంటాం, పిల్లలకు మాటలు తొందరగా రావాలని వస కొమ్ము అరగదీసి నాకిస్తాం. జ్వరానికీ, కడుపు ఉబ్బరానికీ కూడా ఇస్తారు. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. ఎలుకల్లో అది కణితులు తెస్తుందని తేలాక అమెరికాలో 1968లో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. పసిపిల్లలకు అది ఎంత పోతుందో అరగదీసే చేతికి తెలియదు. కొంచెం ఎక్కువైతే ఆగని వాంతులు పట్టుకుంటాయి.

రెండోది వేపనూనె. పంటకు మన చేతిలో అంతకంటే మంచి మందు లేదు, కానీ పిల్ల నోట్లో ఒక్క చుక్క కూడా వేయొద్దు. మలేషియాలో వేపనూనె తాగించిన పసిపిల్లలకు ఫిట్స్, మెదడు వాపు, కాలేయం దెబ్బతినడం వచ్చాయని అక్కడి డాక్టర్లు 1980ల మొదట్లోనే రాశారు. వాళ్లకు పట్టింది కొన్ని చెంచాలే. కర్పూరం కూడా అంతే. మింగితే ఫిట్స్ వస్తాయి, నూనెలో కాచి రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర రాయడం కూడా మంచిది కాదు. ముక్కులో నూనె చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా వస్తుంది. పొట్ట మీద వాతలు పెట్టడం ఇంకా కొన్ని తండాల్లో, పల్లెల్లో ఉంది. దాని గురించి ఎక్కువ చెప్పను, అది పిల్లను కాల్చడమే.

నేలవేము, తిప్పతీగ వేరే లెక్క. తమిళనాడులో డెంగీ రోజుల్లో ప్రభుత్వమే నిలవేంబు కుడినీర్ పంచింది. అది నేలవేముతో సహా మొత్తం తొమ్మిది మూలికలు కలిపిన సిద్ధ మందు, మన పెరటి ఆకు మరిగించిన నీళ్లు కాదు. తిప్పతీగ విషయంలో కోవిడ్ కాలంలో ముంబై డాక్టర్లు కొందరు రోగుల్లో కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో రాశారు. ఆయుష్ శాఖ దానికి ఒప్పుకోలేదు, వాళ్లు వాడింది తిప్పతీగను పోలిన ఇంకో తీగ, టినోస్పొరా క్రిస్పా కావచ్చంది. ఎవరు చెప్పింది నిజమైనా, తీగ కోసి అమ్మే మనకు పాఠం ఒకటే. కాండం చూడండి. అసలు తిప్పతీగ ఆకుపచ్చగా ఉంటుంది, పెద్ద బుడిపెలు ఉండవు, కోస్తే పాలు రావు. ఆ రెండోదానికి బూడిద రంగు కాండం నిండా ఎత్తైన బుడిపెలు ఉంటాయి, పాలు కారుతాయి. పిల్లలకు మాత్రం ఈ రెండింటినీ ఇంట్లో సొంతంగా ఇవ్వకండి. ఆయుర్వేదంలో పిల్లల వైద్యానికి కౌమారభృత్య అని ప్రత్యేక విభాగమే ఉంది. ఇవ్వాలనుకుంటే ఆ చదువు చదివిన బీఏఎంఎస్ డాక్టర్‌ను అడగండి, మన ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఉంది.

కోసే ముందు ఆ ఆకు మీద ఏం కొట్టారు?

ఈ భాగం వేరే ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇది మనకే ఉన్న సమస్య. మన మడిలో రసాయనం లేదు కాబట్టి ఆకు కోసి నేరుగా నలిపి రసం పిల్ల నోట్లో పిండొచ్చని అనుకుంటాం. కానీ నిన్న మనం పిచికారీ చేసిందేంటి? జీవామృతంలో పచ్చి ఆవుపేడ, మూత్రం ఉన్నాయి. నేలకు మేలు చేసే సూక్ష్మజీవులతో పాటు, పిల్లలకు విరేచనాలు తెచ్చేవి కూడా పేడలో ఉండొచ్చు. దశపర్ణి కషాయంలో ఉమ్మెత్త, ఆముదం, కానుగ, సీతాఫలం ఆకులు ఉంటాయి. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది. ఉమ్మెత్త, పొగాకు రెండూ పిల్లలకు కొద్దిగా పోయినా విషమే.

అందుకని ఇంట్లో వాడే తులసి, వాము ఆకు, పుదీనాను పంట మడిలో కలిపి పెట్టకుండా విడిగా రెండు మూడు కుండీల్లో పెంచండి. వాటికి బాగా మాగిన వర్మీకంపోస్టు మట్టిలో వేయండి చాలు, ఆకు మీద ఏదీ కొట్టొద్దు. పురుగు తగిలిందా, ఆ కొమ్మ కత్తిరించి పారేయండి. కోసిన ఆకును పారే నీటిలో కడిగి, మరిగించే వాడండి, పచ్చి రసం వద్దు. ఆరబెట్టి అమ్మేవాళ్లు నీడలో, నేలకు ఎత్తుగా, కోళ్లు మేకలు తిరగని చోట ఆరబెట్టాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పంట కషాయాలను పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టడం మనలో చాలామందికి అలవాటు. పిల్లలకు ఆ రంగు, ఆ సీసా రెండూ తెలిసినవే. పంట కషాయానికి వేరే డబ్బా, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు, ఎత్తులో తాళం ఉన్న చోటు తప్పనిసరి. సీతాఫలం గింజల పొడి పేల మందుగా తలకు రాస్తారు కొందరు, అది కంట్లో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతింటుంది. పేరులోనే సీతాఫలం ఉన్న బస్తీ మాది, కాబట్టి ఇది గుర్తుచేయకుండా ఉండలేను.

1897 ఆగస్టు

మొక్కలకు, జ్వరానికి మధ్య అసలు సంబంధం లేదా అంటే, చాలా పెద్ద సంబంధమే ఉంది. విల్లో చెట్టు బెరడు జ్వరానికి, నొప్పికి వేల ఏళ్లుగా వాడారు. దానిలోని గుణాన్ని పట్టుకుని 1897 ఆగస్టులో జర్మనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆస్పిరిన్ తయారుచేశాడు. సరిగ్గా అదే నెల 20న మన బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. దానికి 1902లో నోబెల్ వచ్చింది, ఇప్పటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. మాకు దగ్గర్లోనే నల్లకుంటలో ఉన్న ఫీవర్ ఆస్పత్రికి, పాతవాళ్లు కోరంటి దవాఖాన అనేదానికి, ఆయన పేరే పెట్టారు.

చెట్టు బెరడు నుంచి వచ్చిన ఆ ఆస్పిరిన్‌ను ఇప్పుడు పిల్లల జ్వరంలో ఇవ్వరు. ఫ్లూ, ఆటలమ్మలాంటి వైరస్ జ్వరాల్లో ఇస్తే రైస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన జబ్బు రావొచ్చు, డెంగీలో అయితే రక్తస్రావం పెరుగుతుంది. మలేరియాకు ఈ రోజు వాడే ఆర్టెమిసినిన్ కూడా ఒక మొక్కదే. చైనాలో తు యూయూ పాత వైద్య గ్రంథం చదివి, ఆకును మరిగిస్తే గుణం పోతున్నదని గమనించి, తక్కువ వేడిలో సారం తీసి సాధించింది, 2015లో నోబెల్ అందుకుంది. ఆ మొక్క మన వినాయక చవితి మాచిపత్రికి చుట్టం మాత్రమే, రెండూ ఒకటి కాదు. అసలు మొక్క ఆకుతో టీ కాచుకుని మలేరియాకు తాగడాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోలేదు, ఎందుకంటే ప్రతి కప్పులో ఎంత మందు ఉందో తెలియదు. ఎకరానికి ఎంత వేశామో తెలియకుండా వేస్తే పంటలో ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు.

మన డ్రమ్ముల కిందే దోమ

రైతుగా మనం పిల్లల జ్వరానికి చేయగలిగిన పెద్ద పని కషాయం కాదు, దోమను పుట్టనివ్వకపోవడం. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ మురుగులో కాదు, మంచి నీటిలో గుడ్లు పెడుతుంది, పగలు కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. డాబా మీద కూరగాయలు పెంచేవాళ్ల దగ్గర ఆ నీరు ఎక్కడెక్కడ ఉంటుందో చూడండి. కుండీల కింద ప్లేట్లు, డ్రిప్ కోసం పెట్టిన బకెట్, కొబ్బరి చిప్పలు, పాత టైర్లలో పెట్టిన బచ్చలి. జీవామృతాన్ని వారంలో వాడేస్తాం, ఆ తర్వాత ఖాళీ డ్రమ్ము మూలన పెడతాం, దాంట్లో వాన నీరు నిలుస్తుంది.

శుక్రవారం డ్రైడే అని ప్రభుత్వం చెప్పేది ఈ లెక్క చూసే. వారానికి ఒకరోజు అన్నీ ఒంపేస్తే గుడ్డు దోమ కాకుండానే పోతుంది. ఒంపడం ఒక్కటే చాలదు. ఏడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతికుంటాయి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. కాబట్టి కొబ్బరి పీచుతో లోపలి గోడ రుద్ది కడగాలి. నీటి డ్రమ్ముకు గోనెపట్టా సరిపోదు, దాని కన్నాల్లోంచి దోమ దూరుతుంది. సన్నటి నైలాన్ వల బిగించి కట్టండి. ఫారం పాండ్ ఉన్నవాళ్లు గంబూషియా చేపలు వేసుకోవచ్చు, కానీ అవి చెరువుల్లోకి పోకుండా చూసుకోవాలి, మన దేశీ చేపల గుడ్లు కూడా తినేస్తాయి.

ఎప్పుడు దవాఖానకు

మూడు నెలల లోపు పిల్లకు చంకలో 99.5 దాటినా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి, కషాయం, గోలీ ఏదీ ప్రయత్నించకుండా. ఏ వయసు పిల్లైనా పాలు, నీళ్లు తాగలేకపోతున్నా, తిన్నదంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి, పిల్ల నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పాటు పొట్ట కదలిక లెక్కేయాలి. రెండు నెలల లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 – అంత గానీ, అంతకు మించి గానీ ఉంటే నిమోనియా అనుమానించాలి. మామూలు జ్వరమే అనిపించినా మూడో రోజుకు తగ్గకపోతే రక్త పరీక్ష చేయించండి.

పోయేటప్పుడు ఒక చీటీ రాసుకుని పోండి. జ్వరం ఏ రోజు మొదలైంది, ఎప్పుడెప్పుడు ఎంత ఉంది, ఏ మందు ఎన్ని మి.లీ. ఇచ్చారు, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది. ఇచ్చిన కషాయాల పేర్లు కూడా అందులో ఉండాలి. డాక్టర్ కోప్పడతాడేమో అని చాలామంది ఆ ఒక్కటే దాస్తారు. వీలైతే ఆ ఆకు రెండు రెమ్మలు కవర్లో పెట్టుకుపోండి, వాంతులో, కామెర్లో ఎందుకొచ్చాయో తేల్చడానికి వాళ్లకు పనికొస్తుంది.

వచ్చే వీడియోలో వాము ఆకు కొమ్మ కత్తిరించి కుండీలో నాటడం, తులసి విత్తనం తీయడం చూపిస్తాను. మీ దగ్గర తిప్పతీగ ఉంటే ఈలోగా దాని కాండం ఒకసారి దగ్గరగా చూసి పెట్టుకోండి.